ఒకే ఊరి రెండు జట్లు ఫైనల్ ఆడటానికి మాడ్రిడ్ దాకా ఎందుకు వెళ్లాయి?

2018 నవంబర్ 24, శనివారం. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో సాయంత్రం 5 గంటలకి బోకా జూనియర్స్, రివర్ ప్లేట్ ఫుట్‌బాల్ జట్ల మధ్య కోపా లిబెర్తదోరెస్ ఫైనల్ మ్యాచ్, అంటే మనకి తెల్లవారితే ఆదివారం అనగా అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. అలారం పెట్టుకుని లేచి ఫోన్ పట్టుకు కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. చూస్తే స్టేడియం కిటకిటలాడిపోతోంది, జనం పాటలు పాడుతున్నారు, గ్రౌండ్ మాత్రం ఖాళీ. ముందు గంట ఆలస్యం అన్నారు, తర్వాత ఏడుంబావుకి అన్నారు, చివరికి రేపు చూద్దాం అన్నారు, ఆ రేపు వచ్చాక అదీ లేదన్నారు. పదిహేను రోజుల తర్వాత అదే మ్యాచ్ అట్లాంటిక్ సముద్రం దాటి, దాదాపు 10,000 కిలోమీటర్ల అవతల మాడ్రిడ్‌లో జరిగింది.

ఎందుకలా అని అడిగితే ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తారు: బోకా ఆటగాళ్ల బస్సు మీద రాళ్లేశారు కాబట్టి. నిజమే, వేశారు. కానీ దక్షిణ అమెరికా ఫుట్‌బాల్లో బస్సు మీద రాళ్లు పడటం అదే మొదటిసారి ఏం కాదు, పడిన ప్రతిసారీ ఫైనల్‌ని మూటగట్టి ఇంకో ఖండానికి తీసుకుపోలేదు. నాకైతే ఈ గొడవంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది. ఆ రాళ్లు పడిన వీధి మలుపు ఎవరిది? క్లబ్బుదా, పోలీసులదా, టోర్నమెంట్ నడిపేవాళ్లదా? ఎవరిని అడిగినా మాది కాదన్నారు.

కొంచెం వెనక్కి వెళ్దాం. కోపా లిబెర్తదోరెస్ అంటే దక్షిణ అమెరికా క్లబ్బులకి యూరప్‌లో ఛాంపియన్స్ లీగ్ ఎలాంటిదో అలాంటిది. 1960 నుంచి జరుగుతోంది. నడిపేది కాన్మెబోల్ అనే దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య. బోకా జూనియర్స్, రివర్ ప్లేట్ రెండూ బ్యూనస్ ఎయిర్స్ క్లబ్బులే, రెండూ లా బోకా అనే ఒకే రేవు పేటలో పుట్టాయి, రివర్ 1901లో, బోకా 1905లో. తర్వాత రివర్ ఊరికి ఉత్తరాన కాస్త డబ్బున్న వైపుకి మకాం మార్చేసింది, బోకా అక్కడే ఉండిపోయింది. ఇక ఒకళ్లనొకళ్లు అనుకునే మాటలు చాలానే ఉన్నాయి. 1966 లిబెర్తదోరెస్ ఫైనల్లో 2-0తో ముందుండి కూడా ఉరుగ్వే క్లబ్ పెన్యరోల్ చేతిలో 4-2తో ఓడిపోయినందుకు రివర్ వాళ్లని ఇప్పటికీ కోళ్లు అంటారు. అరవై ఏళ్లయినా వదల్లేదు చూడండి. ఇంత శత్రుత్వం ఉన్నా, ఈ రెండూ లిబెర్తదోరెస్ ఫైనల్లో ఎదురుపడటం మాత్రం 2018లోనే మొదటిసారి. గెలిస్తే జీవితాంతం చెప్పుకోవచ్చు, ఓడితే జీవితాంతం పడాలి. అక్కడి టెన్షన్ అలాంటిది.

అప్పట్లో ఫైనల్ అంటే చెరో గ్రౌండ్‌లో ఒక్కో మ్యాచ్, ఒక్కోదాన్ని లెగ్ అంటారు, రెండిట్లో గోల్స్ కలిపి లెక్కేస్తారు. ఫస్ట్ లెగ్ నవంబర్ 10న బోకా సొంత గ్రౌండ్ లా బొంబొనేరాలో జరగాలి, కానీ కుంభవృష్టి. మర్నాడు ఆడారు, 2-2. ఆ మ్యాచ్‌లో గ్యాలరీలన్నీ బోకా వాళ్లవే, రివర్ అభిమానికి టికెట్ లేదు. ఎందుకంటే అభిమానుల కొట్లాటలు భరించలేక అర్జెంటీనాలో 2013 నుంచి లీగ్ మ్యాచ్‌లకి అవతలి జట్టు అభిమానుల్ని రానివ్వడం మానేశారు. ఈ ఫైనల్‌కైనా రానిద్దామని దేశాధ్యక్షుడు మౌరిసియో మాక్రి అన్నాడు. ఈయన అంతకుముందు పన్నెండేళ్లు బోకా క్లబ్బుకి అధ్యక్షుడు, కాబట్టి తెలియక అన్న మాట కాదు. రెండు క్లబ్బుల అధ్యక్షులూ వద్దన్నారు. ఆ రోజుల్లోనే దేశ భద్రతా మంత్రి పత్రీసియా బుల్‌రిచ్, జీ20 సదస్సే నడపబోతున్నాం, ఒక రివర్-బోకా మ్యాచ్‌ని అదుపు చేయలేమా, అదెంత అన్నట్టు మాట్లాడింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక సెకండ్ లెగ్. బోకా బస్సు రివర్ స్టేడియం మొనుమెంటల్‌కి కొన్ని బ్లాకుల దూరంలో లిదోరో కింతేరోస్ వీధి మలుపు దగ్గరికి వచ్చింది. బస్సు వెళ్లే దారిలో జనం ఉండకూడదు, ఇది ఏ ఊళ్లోనైనా బందోబస్తులో మొదటి పాఠం. అక్కడ మాత్రం వీధి నిండా రివర్ అభిమానులు, వాళ్లకీ బస్సుకీ మధ్య అడ్డంగా సరైన కంచె లేదు. రాళ్లు, సీసాలు, చేతికందినవన్నీ వచ్చి పడ్డాయి. అద్దాలు పగిలాయి. గుంపుని చెదరగొట్టడానికి పోలీసులు వదిలిన గ్యాస్ ఆ పగిలిన కిటికీల్లోంచే బస్సులోకి దూరింది. గాజు ముక్కలు అభిమానుల పుణ్యం, కళ్ల మంట పోలీసుల పుణ్యం. డ్రైవర్ కళ్లు తిరిగితే బోకా ఉపాధ్యక్షుడు స్టీరింగ్ పట్టుకున్నాడని వార్తలొచ్చాయి. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆటగాళ్లు దగ్గుతూ వాంతులు చేసుకుంటూ కూర్చున్నారు. కెప్టెన్ పాబ్లో పెరెస్ కంటికి దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్లి, కంటికి కట్టుతో తిరిగొచ్చాడు. అప్పుడు కాన్మెబోల్ డాక్టర్లు ఏమన్నారంటే, పెద్ద గాయాలేం కావు, మ్యాచ్ ఆపాల్సినంత వైద్య కారణం లేదు అని. బోకా ఆటగాడు కార్లోస్ తెవెస్ విలేకరుల ముందుకొచ్చి, మేం ఆడే స్థితిలో లేం, బలవంతంగా ఆడిస్తున్నారని చెప్పేశాడు. ఫిఫా అధ్యక్షుడు ఇన్ఫాంటినో కూడా ఆరోజు అక్కడే ఉన్నాడు. దాదాపు 66,000 మంది ఎండలో గంటల తరబడి కూర్చుని, ఏం జరుగుతోందో ఫోన్లలో వెతుక్కుంటున్నారు.

రాళ్లు వేసింది ఎవరు అన్నదగ్గర రెండు కథలున్నాయి. బ్యూనస్ ఎయిర్స్ నగర ప్రభుత్వం చెప్పింది బార్రా బ్రావాల కథ. బార్రా బ్రావా అంటే ఉత్త అభిమానుల గుంపు అనుకోకండి. గ్యాలరీ వెనక నడిచే ఒక వ్యాపారం అది. టికెట్లు వీళ్ల చేతికొచ్చి బ్లాక్‌లో అమ్ముడవుతాయి, మ్యాచ్ రోజు స్టేడియం చుట్టూ పార్కింగ్ డబ్బులు వీళ్లే వసూలు చేస్తారు, ఎన్నికలప్పుడు నాయకులకీ పనికొస్తారు. క్లబ్బులో ఎవరు గెలిచినా వీళ్లతో గొడవ పెట్టుకోరు, పెట్టుకున్నవాళ్లు ఎక్కువ కాలం ఉండరు. మ్యాచ్‌కి ముందురోజు రివర్ బార్రా నాయకుడి ఇంట్లో సోదా చేస్తే దాదాపు 300 టికెట్లు, ఒక కోటి పెసోల దాకా నగదు దొరికాయి. దానికి కక్షగానే బస్సు మీద దాడి చేయించారని నగర పాలకుడి వాదన.

సరే, కక్షే అనుకుందాం. అయినా బస్సుని ఆ గుంపు మధ్యలోంచి తీసుకెళ్లింది ఎవరు? కక్ష ఉందని తెలిసినప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలి కదా. నగర పోలీసులు ఒకవైపు, కేంద్ర బలగాలు ఇంకోవైపు, ఆ మలుపు ఎవరి వాటాలోకి వస్తుందన్నదాని మీద వేళ్లు చూపించుకోవడంతోనే సరిపోయింది. మ్యాచ్ ఆగిన రెండోరోజు నగర భద్రతా మంత్రి మార్తిన్ ఒకాంపో రాజీనామా చేశాడు. ఆ తర్వాతి వారాంతంలో అదే ఊళ్లో జీ20 సదస్సు జరిగింది, ప్రపంచ నాయకుల కాన్వాయ్‌లు ఏ ఇబ్బందీ లేకుండా తిరిగాయి. అంటే చేతకాక కాదన్నమాట. అదెంత అనుకున్న మ్యాచ్‌కి అదెంత అన్నంతే బందోబస్తు పెట్టారని నా అనుమానం.

శనివారం రాత్రి ఇద్దరు క్లబ్ అధ్యక్షులూ, బోకా తరఫున దానియెల్ ఆంజెలిచి, రివర్ తరఫున రొదోల్ఫో దోనోఫ్రియో, కాన్మెబోల్ అధ్యక్షుడు అలెహాంద్రో దొమింగేస్ సమక్షంలో పెద్దమనుషుల ఒప్పందం అంటూ కాగితం మీద సంతకాలు పెట్టారు: ఆదివారం సమాన పరిస్థితుల్లో ఆడదాం అని. తెల్లారేసరికి ఆంజెలిచి మాట మార్చి, మా వాళ్లు కోలుకోలేదు, మ్యాచ్ వాయిదా వేయండి, రివర్‌ని శిక్షించండి అని అర్జీ పెట్టాడు. రివర్ వాళ్లు నమ్మకద్రోహం అన్నారు. కానీ ఆంజెలిచి చేతిలో ఒక బలమైన ముక్క ఉంది. దాని పేరు 2015.

2015 మే 14న ఇదే టోర్నమెంట్‌లో, ప్రీక్వార్టర్స్‌లో, ఇవే రెండు జట్లు లా బొంబొనేరాలో ఆడుతున్నాయి. హాఫ్ టైమ్ అయ్యాక రివర్ ఆటగాళ్లు తిరిగి గ్రౌండ్లోకొస్తుంటే, వాళ్లు నడిచొచ్చే గాలి ఊదిన సొరంగంలోకి ఎవడో బోకా అభిమాని ఘాటు ద్రావణం కొట్టాడు. ఆటగాళ్ల కళ్లు, చర్మం కాలిపోయాయి, మ్యాచ్ ఆగిపోయింది. కాన్మెబోల్ బోకాని టోర్నమెంట్ నుంచే గెంటేసింది. రివర్ ముందుకెళ్లి ఆ ఏడాది కప్పు కొట్టింది. అప్పుడూ ఈ ఇద్దరే అధ్యక్షులు. అప్పుడు రివర్ శిక్షించమంది, బోకా ఆడి తేల్చుకుందామంది. మూడేళ్ల తర్వాత ఇద్దరూ కుర్చీలు మార్చుకుని కూర్చుని, ఒకరి డైలాగులు ఒకరు చెప్పారు.

బోకా వాదన పైకి చూస్తే తిరుగులేనిదే: మమ్మల్ని గెంటేశారు కదా, వాళ్లనీ గెంటండి. దీన్ని క్రమశిక్షణ ట్రిబ్యునల్ ఎలా తప్పించుకుందో చూడండి. ఫుట్‌బాల్ నిబంధనల్లో ఒక సూత్రం ఉంటుంది: అభిమానులు చేసిన తప్పుకి క్లబ్ బాధ్యత వహించాలి, క్లబ్ ప్రమేయం ఉందా లేదా అన్నది అనవసరం. వినడానికి అన్యాయంగా ఉంటుంది గానీ, అది లేకపోతే ప్రతి క్లబ్బూ మాకేం తెలుసు అని చేతులు దులుపుకుంటుంది. అయితే ఆ బాధ్యత ఎంత దూరం వెళ్తుంది? 2015లో జరిగింది స్టేడియం లోపల, మ్యాచ్ మధ్యలో, కీలకమైన సొరంగంలో, అక్కడ తాళం చెవులన్నీ క్లబ్బువే. 2018లో జరిగింది బయట రోడ్డు మీద. ఆ రోడ్డు మీద కంచె పెట్టే అధికారం గానీ, లాఠీ పట్టే అధికారం గానీ రివర్‌కి లేదు. కానీ నిబంధనల్లో స్టేడియం పరిసరాలు అన్న మాట కూడా ఉంది, బోకా లాయర్లు పట్టుకుంది ఆ మాటనే. కొన్ని బ్లాకుల అవతల మలుపు పరిసరాల్లోకి వస్తుందా రాదా? రెండు వైపులా వాదించొచ్చు.

నవంబర్ 29న వచ్చిన తీర్పు పాము చావకుండా కర్ర విరక్కుండా ఉంది. బోకా అర్జీ కొట్టేశారు, రివర్‌కి 4 లక్షల డాలర్ల జరిమానా, మరుసటి ఏడాది రెండు సొంత మ్యాచ్‌లు ఖాళీ స్టేడియంలో ఆడాలన్న శిక్ష వేశారు. నాకు మింగుడుపడనిది ఇక్కడే. మలుపు రివర్ బాధ్యత కాకపోతే జరిమానా ఎందుకు? బాధ్యతే అయితే ఆటగాళ్లు గాయపడ్డ కేసుకి ఇంత తేలికా? చట్టం ప్రకారం ఆలోచిస్తే సగం బాధ్యత అనేది ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ మూడేళ్ల కిందట అదే సంస్థ పూర్తి శిక్ష వేసిన చోట ఇప్పుడు సగం వేస్తే, కారణం ఎంత సరైనదైనా బోకా అభిమాని నమ్మడు.

నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఏడాది టోర్నమెంట్ మొత్తం ఆఫీసు గదుల్లోనే నడిచినట్టుంది. నిషేధం మిగిలి ఉన్న ఆటగాణ్ని ఆడించిందని బ్రెజిల్ క్లబ్ సాంతోస్‌కి 0-3 ఓటమి వేశారు. సరిగ్గా అలాంటి తప్పే రివర్ కూడా బ్రూనో సుకులీని విషయంలో ఏడు మ్యాచ్‌ల పాటు చేసింది, అయితే అతను ఆడొచ్చని చెప్పింది కాన్మెబోలే కాబట్టి శిక్ష లేదన్నారు. సెమీఫైనల్లో రివర్ కోచ్ మార్సెలో గయార్దో నిషేధంలో ఉండి కూడా హాఫ్ టైమ్‌లో డ్రెస్సింగ్ రూమ్‌లోకి దూరిపోయాడు. మ్యాచ్ పోయిన బ్రెజిల్ క్లబ్ గ్రేమియో గోల పెట్టింది, గయార్దోకి నిషేధం పెంచారు గానీ ఫలితం మార్చలేదు. అందుకే రెండు లెగ్‌లకీ ఆయన టచ్‌లైన్ దగ్గర లేడు, ఫైనల్లో జట్టుని నడిపింది సహాయకుడు మతియాస్ బిస్కాయ్. ఒక్కో నిర్ణయాన్ని విడిగా చూస్తే ఏదో ఒక నిబంధన ఉంది. అన్నీ కలిపి చూస్తే వాటం చూసి వడ్డించినట్టుంది.

ఇక మాడ్రిడ్. మళ్లీ అదే స్టేడియంలో ఆడించలేం అన్నదాకా అర్థమవుతుంది, మరి పక్క ఊరో, పక్క దేశమో ఎందుకు కాలేదు? ఒకటి, టైమ్ లేదు. గెలిచిన జట్టు డిసెంబర్ రెండోవారంలో మొదలయ్యే క్లబ్ ప్రపంచకప్‌కి యూఏఈ వెళ్లాలి, కాబట్టి 8 లేదా 9వ తేదీ దాటడానికి వీల్లేదు. రెండు, ఫైనల్ జరగకుండా విజేతని ప్రకటిస్తే ప్రసార హక్కులు కొన్నవాళ్లకీ స్పాన్సర్లకీ జవాబు చెప్పుకోవాలి. మూడు, దొమింగేస్ కాన్మెబోల్ పగ్గాలు పట్టింది 2016లో. అప్పటికి ఆ కుర్చీలో కూర్చున్న గత ముగ్గురు అధ్యక్షుల మీదా అమెరికాలో ఫిఫా లంచాల కేసులు నడుస్తున్నాయి. మేం మారిపోయాం అని చూపించుకోవాల్సిన అవసరం ఆయనకి చాలా ఉంది. అలాంటప్పుడు పోలీసుల్ని నమ్మగలిగిన చోటు, అర్జెంటీనా వాళ్లు వేల సంఖ్యలో ముందే ఉన్న ఊరు, అడగంగానే సరేనన్న ప్రభుత్వం, ఖాళీగా ఉన్న శాంతియాగో బెర్నబేవ్ స్టేడియం, అన్నీ ఒకేచోట దొరికాయి. దోహా లాంటి పేర్లు కూడా వినిపించాయి గానీ మాడ్రిడ్ ముందు నిలబడలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారే, అదే.

అసలు సంగతేంటంటే లిబెర్తదోరెస్ అంటే విమోచకులు. స్పెయిన్ పాలన నుంచి దక్షిణ అమెరికాని విడిపించిన సాన్ మార్తిన్, బొలివార్ లాంటివాళ్ల పేరు మీద పెట్టిన కప్పు. దాన్ని తీసుకెళ్లి స్పెయిన్ రాజధానిలో ఆడించారు. విమోచకుల కప్పు కాదు, ఆక్రమించినవాళ్ల కప్పు అని అర్జెంటీనాలో జోకులు పేలాయి. రెండు క్లబ్బులూ ఈ తరలింపుని వ్యతిరేకించాయి, బహుశా ఆ నెలంతా వాళ్లిద్దరూ ఏకీభవించింది ఈ ఒక్కదాని మీదే. రివర్ బాధ వేరే, బొంబొనేరాలో బోకా తన జనం ముందు ఆడేసింది, మా వంతు వచ్చేసరికి మా జనం లేకుండా చేశారని. బోకా స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు దాకా వెళ్లింది, మ్యాచ్‌కి ముందురోజు ఆ కోర్టు కూడా ఆపడానికి ఒప్పుకోలేదు.

తమాషా ఏంటంటే, అర్జెంటీనాలో ఐదేళ్లుగా కుదరనిది మాడ్రిడ్‌లో కుదిరింది. ఒకే స్టేడియంలో చెరోవైపు బోకా, రివర్ అభిమానులు కూర్చున్నారు. 62,000 పైచిలుకు జనం, పెద్ద గొడవేం లేదు.

డిసెంబర్ 9న ఆట కూడా బాగానే జరిగింది, నిజానికి గొప్ప మ్యాచ్ అనను గానీ చివరి అరగంట మర్చిపోలేం. హాఫ్ టైమ్ ముందు బోకా తరఫున బెనెదెత్తో పరుగెత్తి గోల్ కొట్టి, రివర్ డిఫెండర్ మోంతియెల్ మొహం మీద నాలుక బయటపెట్టాడు. 68వ నిమిషంలో ప్రాత్తో సమం చేశాడు. 90 నిమిషాలకి 1-1, ఫస్ట్ లెగ్ 2-2. ఇక్కడ చాలామంది తికమకపడ్డారు. సెమీస్‌లో రివర్ గ్రేమియో మీద సొంత గ్రౌండ్‌లో 0-1తో ఓడి, అవతల 2-1తో గెలిచి, అవే గోల్స్ లెక్కన, అంటే మొత్తం సమమైతే అవతలి గ్రౌండ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లదే గెలుపు అన్న లెక్కన, ముందుకొచ్చింది. ఆ లెక్క ఇక్కడా ఉండి ఉంటే బొంబొనేరాలో కొట్టిన రెండు గోల్స్‌తో రివర్ అక్కడే గెలిచేసేది. కానీ ఫైనల్‌కి ఆ నిబంధన లేదు, అందుకే ఎక్స్‌ట్రా టైమ్. అది మొదలవగానే బోకా ఆటగాడు బారియోస్‌కి రెండో ఎల్లో కార్డ్, బయటికి. 109వ నిమిషంలో సబ్‌గా వచ్చిన క్వింతేరో ఎడమ కాలితో దూరం నుంచి కొట్టిన బంతి క్రాస్‌బార్‌ని ముద్దాడి లోపల పడింది. తర్వాత గాగో మడమ వెనక నరం (అకిలిస్ టెండన్) తెగి కూలబడ్డాడు, సబ్‌లు అయిపోయారు, బోకా తొమ్మిదిమందితో మిగిలింది. అయినా ఆఖరి నిమిషంలో హారా కొట్టింది పోస్ట్‌కి తగిలింది, రెండు అంగుళాలు లోపలికి వెళ్లి ఉంటే పెనాల్టీలే. వచ్చిన కార్నర్‌కి గోల్‌కీపర్ అంద్రాదా కూడా పైకి వెళ్లాడు. బంతి బయటికొచ్చి పీతీ మార్తినెస్‌కి దొరికింది. ఎదురుగా ఎవరూ లేరు, సగం గ్రౌండ్ ఒక్కడే పరుగెత్తి ఖాళీ గోల్‌లో వేశాడు. 3-1, రెండు లెగ్‌లూ కలిపి 5-3, రివర్‌కి నాలుగో లిబెర్తదోరెస్. తొమ్మిది రోజుల తర్వాత అదే రివర్ యూఏఈలో అక్కడి క్లబ్ అల్ ఐన్ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, వాళ్లకి కావాల్సింది అప్పటికే దొరికేసింది.

ఒక అపోహ ఉంది, ఇప్పటికీ వింటుంటాను. ఈ రచ్చ వల్లే లిబెర్తదోరెస్ ఫైనల్‌ని ఒక్క మ్యాచ్‌గా, ముందే ప్రకటించిన తటస్థ వేదికలో పెట్టారని. కాదు. 2019 నుంచి ఒకే మ్యాచ్ అన్న నిర్ణయం 2018 మొదట్లోనే అయిపోయింది, బస్సు మీద రాళ్లు పడటానికి చాలా ముందే. 2018 ఎలాగూ చివరి రెండు లెగ్‌ల ఫైనల్. కాకపోతే మాడ్రిడ్ తర్వాత ఆ నిర్ణయాన్ని విమర్శించే నోళ్లు కొంచెం తగ్గాయి.

తటస్థ వేదికతో వీధి సమస్య తీరిందా అంటే, 2019లోనే మొదటి ఒకే మ్యాచ్ ఫైనల్ చిలీ రాజధాని శాంతియాగోలో జరగాల్సింది, అక్కడ నిరసనలతో వీధులు అట్టుడికిపోతుంటే చివరి నిమిషంలో పెరూలోని లీమాకి మార్చారు. 2023లో బోకా మళ్లీ ఫైనల్‌కి వచ్చింది, రియోలోని మరకానాలో, ప్రత్యర్థి ఫ్లుమినెన్స్, బోకా 2-1తో ఓడింది. స్టేడియం లోపల ఆట సజావుగానే సాగింది. రెండు రోజుల ముందు కోపకబానా సముద్రపు ఒడ్డున మాత్రం రెండు జట్ల అభిమానులూ కొట్టుకున్నారు, పోలీసులు గ్యాస్ వదిలారు, కాన్మెబోల్ రెండు క్లబ్బుల్నీ సమాఖ్యల్నీ కూర్చోబెట్టి అత్యవసర సమావేశం పెట్టింది. సముద్రపు ఒడ్డుని పరిసరాలు అనొచ్చా అనకూడదా అని ఈసారి ఎవరూ అడగలేదు.